చందా లేదు, కుండీ నీదే: తోటల క్లబ్బులోకి విద్యార్థులను ఇలా తీసుకురండి

విశాఖలో మీ కాలనీకి ఒక తోటల క్లబ్బు ఉందనుకుందాం. నెలకో ఆదివారం ఎవరో ఒకరి మేడ మీద కలుస్తారు. విత్తనాలు పంచుకుంటారు. ఆనప పాదుకు పిందె నిలవడం లేదని ఒకరంటే తలో సలహా చెబుతారు. టీ తాగి వెళ్లిపోతారు. ఈసారి కలిసినప్పుడు చుట్టూ ఒకసారి చూడండి. ఎక్కువమంది రిటైరైనవాళ్లే ఉంటారు. "ఈ కాలం పిల్లలకు మట్టి ఎక్కడ పడుతుందండీ, ఫోన్లు తప్ప" అనే మాట కూడా వినపడే ఉంటుంది. నేనూ అన్నాను ఆ మాట. అది తప్పని తర్వాత తెలిసింది.

మేము మొదటి ఏడాది విద్యార్థులకు చందా మాఫీ చేశాం. పిల్లలు వచ్చారు. వాళ్లను వెనక కుర్చీల్లో కూర్చోబెట్టి పిండినల్లి పురుగు గురించి గంటసేపు ఉపన్యాసం వినిపించాం. సమోసా తిని వెళ్లారు. తర్వాతి నెల ముగ్గురు వచ్చారు, ఆ పై నెల ఎవరూ రాలేదు. రెండో ఏడాది ఒక్క పని మార్చాం. చేరిన రోజే ప్రతి ఒక్కరికీ ఒక కుండీ ఇచ్చి, దాని మీద వాళ్ల పేరు పెయింటుతో రాయించాం. ఆ పిల్లలు నిలబడ్డారు. పిల్లలకు అడ్డం వచ్చేది చందా డబ్బు ఒక్కటే కాదు. వచ్చాక తమదని చెప్పుకోవడానికి ఏమీ లేకపోవడం, బస్సు ఖర్చు, ఇంట్లో చదువు గురించి టెన్షన్, ఇవన్నీ ఉంటాయి. ఉచిత సభ్యత్వం అంటే వీటన్నిటికీ దారి చూపించాలి.

ముందు తీర్మానం రాయండి

పిల్లల దగ్గరికి వెళ్లే ముందు మీ సభ్యులంతా ఒక మాట మీదికి రావాలి. "విద్యార్థులకు ఉచితం" అని నోటితో అనుకుంటే చాలదు. ఏది ఉచితమో కాగితం మీద పెట్టండి: చందా లేదు, ఒక కుండీ, దానికి సరిపడా మట్టి, మూడు పంటల విత్తనాలు, టూరుకు వెళ్తే బస్సు ఖర్చు క్లబ్బుదే. మీది రిజిస్టరైన సొసైటీ అయితే బైలాస్ (సొసైటీ నియమావళి) చూసుకుని, ఓటు లేని విద్యార్థి సభ్యత్వంగా నమోదు చేయండి. ఓటు లేకపోయినా మీటింగులో మాట్లాడే హక్కు మాత్రం ఉండాలి.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. ఆదాయ ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు లాంటివి అడగకండి. స్కూలు లేదా కాలేజీ ఐడీ కార్డు చూస్తే చాలు. పేదపిల్లలకే ఉచితం అని పెడితే వచ్చే పిల్లలు తల దించుకుని వస్తారు. విద్యార్థి అయితే ఉచితం, అంతే. డాక్టరుగారి అబ్బాయికీ ఆటో నడిపే ఆయన అమ్మాయికీ ఒకే రకం కుండీ ఇవ్వాలి, ఒకే రకం బ్యాడ్జి ఇవ్వాలి.

ఖర్చు లెక్క

పన్నెండు అంగుళాల వెడల్పు, అంతే ఎత్తున్న గ్రో బ్యాగ్‌లో సుమారు 20 లీటర్ల మట్టి పడుతుంది. 30 మంది పిల్లలకు 600 లీటర్లు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల గత్తం లేదా వర్మీ కంపోస్టు, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపితే విశాఖ వాతావరణానికి బాగా సరిపోతుంది. అంటే మట్టి 300 లీటర్లు, గత్తం 150, కోకోపీట్ 150. ఐదు కిలోల కోకోపీట్ దిమ్మ నీళ్లలో నానితే 70 లీటర్ల దాకా పొంగుతుంది కాబట్టి రెండు దిమ్మలతో దాదాపు సరిపోతుంది. దాన్ని రెండు మూడుసార్లు నీళ్లతో కడిగి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది. అదే కారణంతో బీచ్ ఇసుక కలపొద్దు. ఊరికే దొరుకుతుంది కదా అని కొందరు తెచ్చేస్తారు. మొక్క పెరగదు, పిల్లలేమో తమ చేతి తప్పనుకుంటారు. ఎర్రమట్టి కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల వైపు అసలు చూడకండి. అది భూగర్భ వారసత్వ సంపదగా గుర్తించి కాపాడుతున్న చోటు. నర్సరీలో కొనండి, లేదా పునాదులు తవ్వుతున్న చోట యజమానిని అడిగి తెచ్చుకోండి.

గ్రో బ్యాగులే కొనాలని ఏమీ లేదు. పాత పెయింటు డబ్బాలు కడిగి అడుగున నాలుగైదు చిల్లులు పెట్టినా, బియ్యం సంచి పైభాగం మడిచినా సరిపోతుంది. నారుకు పాల ప్యాకెట్లు చాలు. మిగిలిన ఖర్చును సభ్యులే పంచుకోవచ్చు. మేము చేసింది ఇదే: చందా కట్టే ప్రతి సభ్యుడూ తన చందాతో పాటు ఒక కుండీ ఖర్చు ఇస్తాడు. ఎవరి డబ్బు ఏ పిల్లకు వెళ్లిందో ఎవరికీ చెప్పం. ఎరువుల దుకాణం వాళ్లు బ్యానర్ కడితే డబ్బిస్తామన్నారు, మేము వద్దన్నాం. పిల్లల కుండీల పక్కన అమ్మకం బోర్డు ఉండకూడదని నా పట్టుదల.

ఎక్కడ పెట్టాలి

ఇక్కడే చాలా క్లబ్బులు పొరబడతాయి. "కుండీ ఇంటికి తీసుకెళ్లి పెంచుకో" అంటారు. మేడ మీద చోటున్న ఎంవీపీ కాలనీ పిల్లకు అది బాగానే ఉంటుంది. జాలారిపేటలో ఒక గది ఇంట్లో ఉండే పిల్లాడికో, హాస్టల్లో ఉండే ఇంటర్ అమ్మాయికో ఆ మాట అంటే రావద్దని చెప్పినట్టే. అందుకని కుండీలు పెట్టే ఉమ్మడి చోటు ఒకటి చూసుకోండి. స్కూలు ఆవరణ అన్నిటికంటే మంచిది. లేకపోతే కాలనీ కమ్యూనిటీ హాలు మేడ.

మేడ అయితే మూడు విషయాలు చూడాలి. పిట్టగోడ పిల్లల ఛాతీ ఎత్తుకు తగ్గకూడదు. తడిసిన మట్టితో 20 లీటర్ల కుండీ పాతిక కిలోల పైనే తూగుతుంది కాబట్టి శ్లాబు మధ్యలో గుంపుగా పెట్టకుండా గోడల మీదా దూలాల మీదా బరువు పడేలా సర్దాలి. అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. సముద్రానికి దగ్గరైతే ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడిపోతాయి. ఆ వైపు పాత చీరో షేడ్‌నెట్టో అడ్డం కట్టి, వారానికోసారి ఆకుల మీద మంచినీళ్లు చల్లితే తట్టుకుంటాయి.

చోటు ఎంచుకునేటప్పుడు బస్సు సంగతి మరవొద్దు. పిల్లల దగ్గర ఆర్టీసీ పాస్ ఉంటుంది. అది పనిచేసే దారిలో, మద్దిలపాలెం, కాంప్లెక్స్, గాజువాక లాంటి స్టాపుల నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉంటే వస్తారు. రెండు ఆటోలు మారాలంటే రారు.

బడికి కుండీతో వెళ్లండి

కరపత్రాలు పంచకండి. కాసిన మిరప మొక్కనో పూసిన బంతినో కుండీతో సహా పట్టుకెళ్లండి. హెడ్‌మాస్టర్‌ని ముందే కలిసి, "మాస్టారూ, ఇరవై నిమిషాలు ఇవ్వండి చాలు" అని అడగండి. చాలా బడుల్లో జాతీయ హరిత దళం ఎకో క్లబ్బు ఉంటుంది, దాన్ని చూసే టీచరే మీకు అసలైన తోడు. కాలేజీల్లో అయితే జాతీయ సేవా పథకం చూసే ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌ను కలవండి. ఎన్‌ఎస్‌ఎస్ వలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ పూర్తి చేయాలి. తోటలో చేసిన పనిని ఆ గంటల్లో కలుపుతారేమో ముందే మాట్లాడుకుంటే విద్యార్థులకు రావడానికి ఇంకో కారణం దొరుకుతుంది. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం మన ఊళ్లోనే ఉంది. బోటనీ చదివే పిల్లలను పిలిస్తే చిన్న పిల్లలకు వాళ్లే పాఠం చెబుతారు.

ఏ తరగతి పిల్లలను పిలవాలి? నా అనుభవంలో ఆరు నుంచి ఎనిమిది వరకు, తర్వాత డిగ్రీ మొదటి ఏడాది. పదో తరగతి, ఇంటర్ పిల్లలు వస్తే ఆనందంగా చేర్చుకోండి గానీ, ప్రతి ఆదివారం రావాలని పట్టుబట్టకండి. వాళ్లకు ఆదివారం కూడా స్టడీ అవర్సే.

ఆ ఇరవై నిమిషాల్లో పర్యావరణం గురించి పెద్ద ప్రసంగం వద్దు. నేను అడిగే ప్రశ్న ఒకటుంది: "2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ రోజు మీ వీధిలో ఏ చెట్టు పడిపోయింది? ఇంట్లో అడిగి రండి." ఇప్పుడు బడిలో ఉన్న పిల్లల్లో చాలామంది ఆ తుఫాను తర్వాత పుట్టినవాళ్లే. ఇంటికి వెళ్లి అడుగుతారు. అమ్మమ్మ ఏ వేపచెట్టు గురించో, ఏ తురాయి గురించో చెప్పడం మొదలుపెడుతుంది. మరుసటి వారం ఆ కథలతో వచ్చే పిల్లలు మీ మొదటి సభ్యులు. అప్పుడు చెప్పండి: "చందా లేదు. చేరిన రోజే నీ పేరుతో కుండీ ఉంటుంది. నెలకు రెండు ఆదివారాలు, ఒక్కో గంట. పరీక్షల నెలలో సెలవు."

తల్లిదండ్రులకు ఒక కాగితం

దరఖాస్తు ఒక్క పేజీ దాటకూడదు. పేరు, తరగతి, తల్లి లేదా తండ్రి ఫోను నంబరు, ఏదైనా పడకపోవడం ఉంటే ఆ వివరం, పెద్దల సంతకం. దాని వెనక కొన్ని వాక్యాలు రాయండి. మేము ఇలా రాస్తాం: "అమ్మగారికి, నాన్నగారికి నమస్కారం. మీ పాప తోటల క్లబ్బులో చేరతానంటోంది. ఇప్పుడు గానీ తర్వాత గానీ డబ్బు కట్టనక్కరలేదు. ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ఉంటుంది, పరీక్షలప్పుడు రానక్కరలేదు. పిల్లలున్నంతసేపు ఇద్దరు పెద్దవాళ్లం అక్కడే ఉంటాం. మీరూ ఒకసారి వచ్చి చూడండి." ఆ చివరి వాక్యం తీసేయకండి. ఒక్కసారి వచ్చి చూసిన తల్లులు తర్వాత పిల్లలను వాళ్లే నిద్రలేపి పంపుతారు. వాట్సాప్ గ్రూపు తల్లిదండ్రులకే పెట్టండి. పిల్లల ఫొటోలు అడగకుండా బయట ఎక్కడా పెట్టొద్దు.

మొదటి ఆదివారం

బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. పుస్తకాలూ యూనిఫారాల హడావుడి తగ్గాక, జూలై మొదట్లో మొదలుపెట్టండి. వానలు పడుతుంటాయి, మొలక బాగా వస్తుంది, వనమహోత్సవం రోజులు కూడా అవే. మేలో మాత్రం వద్దు. ఆ ఎండకూ ఉక్కకూ లేత మొలకలు నిలవవు.

రమ్మన్నప్పుడే ఒక పని చెప్పండి: ఇంట్లో పోపుల పెట్టెలోంచి గుప్పెడు మెంతులు తెచ్చుకోమనండి. రాత్రి నానబెట్టి తెస్తే మరీ మంచిది. వంటింట్లోంచి తెచ్చిన గింజ మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తడం చూసిన పిల్లల ముఖాలు చూడాలి. మెంతికూర మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. తోటకూర కూడా సుమారు నెలలోపే. విత్తనం మరీ సన్నం కాబట్టి పొడి ఇసుకలో కలిపి చల్లించండి. కొత్తిమీర తర్వాత పెట్టండి. ధనియాలు మొలవడానికి పదిరోజులు పడుతుంది, కొత్తగా వచ్చిన పిల్లలు అన్ని రోజులు ఖాళీ మట్టి చూస్తూ ఉండలేరు. టమాటా, వంకాయలకు చలికాలం దాకా ఆగండి. బంతి విత్తనాలు మాత్రం జూలైలోనే పెట్టించండి, దసరాకు పూలు కోసుకోవచ్చు.

ఆ రోజు ఉపన్యాసం వద్దు. చేతులు మట్టిలో పెట్టించండి, కుండీ మీద పేరు రాయించండి, నీళ్లు పోయించండి. గంటలో ఇంటికి పంపేయండి. ఇంకాసేపు ఉంటామని వాళ్లే అడగాలి.

మొక్క చచ్చిపోయినప్పుడు

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. పిల్లలు క్లబ్బు మానేయడం ఎప్పుడు మొదలవుతుందో చాలాకాలం మాకు అర్థం కాలేదు. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు, మా అందరికంటే ముందు వచ్చేవాడు, సంక్రాంతి తర్వాత కనిపించడం మానేశాడు. ఇంటికి వెళ్లి అడిగితే వాళ్లమ్మ చెప్పింది: పండక్కి శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మగారి ఊరెళ్లారు, పది రోజులు నీళ్లు లేక టమాటా మొక్క ఎండిపోయింది, ఆంటీ ఏమంటారోనని భయపడుతున్నాడు. మేము ఏమీ అనలేదు, అనేవాళ్లమూ కాదు. కానీ ఆ సంగతి వాడికి ముందే చెప్పి ఉండాల్సింది మేమే.

అప్పటి నుంచి మూడు పద్ధతులు పెట్టుకున్నాం. ఒకటి, ఇద్దరిద్దరిని జంట చేస్తాం. ఒకరు ఊరెళ్తే రెండోవాళ్లు నీళ్లు పోస్తారు. ఇద్దరూ వెళ్తే క్లబ్బులో ఒక పెద్దాయన పోస్తారు, ఆయన పేరు గోడ మీద రాసి ఉంటుంది. రెండు, మొదటి రోజే మా చచ్చిపోయిన మొక్కల గురించి చెబుతాం. నేను ఎక్కువ నీళ్లు పోసి చంపిన కరివేపాకు, ఎండలో మరిచిపోయిన నారు, అన్నీ. ముప్పై ఏళ్లుగా పెంచుతున్నవాళ్ల చేతిలోనూ మొక్కలు చచ్చిపోతాయని తెలిస్తే పిల్లలకు ధైర్యం వస్తుంది. మూడు, ఎండిన మొక్కను పిల్లవాడితోనే పీకించి వేళ్లు చూపిస్తాం. కుళ్లితే నీరు ఎక్కువైంది. తెల్లగానే ఉండి ఎండితే నీరు తక్కువైంది. పీకిందాన్ని కంపోస్టులో వేసి, అదే కుండీలో అప్పుడే ఇంకో గింజ పెట్టిస్తాం. ఖాళీ కుండీతో ఎవరినీ ఇంటికి పంపం.

తుఫానుల సంగతీ ముందే చెప్పాలి. అక్టోబరు, నవంబరుల్లో హెచ్చరిక వస్తే కుండీలను మేడ మీద నుంచి దించడానికి పెద్దవాళ్లే రావాలి, పిల్లలు కాదు. ఈ మాట వాట్సాప్ గ్రూపులో స్పష్టంగా పెట్టండి. తమ కుండీ కోసం గాలిలో పరుగెత్తుకొచ్చే పిల్లలు ఉంటారు.

ఏడాది పొడవునా

వినాయక చవితికి ముందు ఆదివారం పత్రి నడక పెట్టండి. పూజకు చెప్పే 21 పత్రాల్లో ఎన్ని మన వీధుల్లో దొరుకుతాయో వెతికించండి. గరిక, ఉత్తరేణి, మారేడు, వావిలి, జమ్మి, రేగు, రావి, మద్ది... పిల్లలు ఒక్కో ఆకు పేరు అడుగుతుంటే వెంట వచ్చిన తాతయ్యలకు హుషారు వస్తుంది. జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు విషం కాబట్టి వాటిని పెద్దవాళ్లే కోసి చూపించాలి, తర్వాత అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కొమ్మలు విరవనీయకండి, చెట్టుకు ఒక్క ఆకు చాలు.

కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం ఎలాగూ ఉంటుంది. దానికి పిల్లలు పెంచిన కూర ఒకటి వండండి. చలికాలంలో పెదవాల్తేరులోని బయోడైవర్సిటీ పార్కుకు తీసుకెళ్లండి. సింహాచలం వెళ్లినప్పుడు కొండ మీది సంపెంగలు, అనాస తోటలు చూపించండి, గుడికి ఇంతకుముందు వెళ్లిన పిల్లలు కూడా చాలామంది వాటిని చూసి ఉండరు. పెద్ద పిల్లలకు మొక్కలకు పోసే సహజ ఎరువు జీవామృతం తయారుచేసే పని అప్పగించండి: 20 లీటర్ల నీళ్లకు కిలో ఆవుపేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల సెనగపిండి, గుప్పెడు మంచి మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో కలపాలి. వాడేటప్పుడు పదింతలు నీళ్లు కలిపి పోయాలి. ఆకుల మీద పేనుబంక పురుగు కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లించండి. రసాయన మందుల డబ్బాలు పిల్లలున్న చోట ఉండనే కూడదు.

లెక్క ఎలా చూసుకోవాలి

ఎంతమంది చేరారో కాదు, మూడు నెలలకు ఎన్ని కుండీల్లో పచ్చదనం ఉందో లెక్కపెట్టండి. అక్టోబరు మొదటి ఆదివారం మేడ మీదికెక్కి నోట్‌బుక్కులో రాసుకోండి. ఖాళీగా ఉన్న ప్రతి కుండీ మీది పేరు చూసి, ఆ పిల్ల ఇంటికి ఒక ఫోను చేయండి. "ఎందుకు రావట్లేదు?" అని కాదు, "నీ కుండీలో పాలకూర పెడదామా, మెంతికూరా?" అని అడగండి. సర్టిఫికెట్టు చేరినందుకు ఇవ్వకండి, మొదటి పంట కోసినప్పుడు ఇవ్వండి. డబ్బిచ్చిన సభ్యులకు సంక్రాంతికి ఒక కాగితం పంపండి: ఎన్ని కుండీలు, ఎంత ఖర్చు, ఎన్ని మిగిలాయి.

చదువు పూర్తయ్యాక వెంటనే చందా అడగొద్దు. ఉద్యోగం వచ్చి ఏడాది దాటాక వాళ్లే ఇస్తే తీసుకోండి. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్‌కనో ఉద్యోగానికనో ఊరు వదిలే పిల్లలు ఉంటారు. వెళ్లే ముందు ఆదివారం కొత్తగా చేరిన ఒకరిని పిలిచి, కుండీ వాళ్ల చేతికి ఇప్పించండి. పాత పేరు చెరపకండి. దాని కిందే కొత్త పేరు రాయించండి.